పాలు పొంగేలోగా

ఆమనికి చరణ్‌తేజ్ పరిచయమైంది ఒక అబద్ధంతో. అది నోటితో చెప్పింది కూడా కాదు, ఫోన్‌కి వచ్చిన మెసేజ్.

రెండు వేల ఇరవై రెండు, జూలై. దుబాయ్‌లో అల్ కుసైస్ వైపు ఆమె కొత్తగా తీసుకున్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. గది అంతా వదిలేసి సరిగ్గా దిండు మీదే కారుతున్నాయి. బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీకి ఫోన్ చేసింది. మనిషెవరూ రాలేదు గానీ సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: మీ కంప్లయింట్ క్లోజ్ అయింది, చరణ్‌తేజ్, కోఆర్డినేటర్. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసింది, మళ్ళీ క్లోజ్ అయింది. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆమె నేరుగా ఆ చరణ్‌తేజ్‌నే లైన్లోకి పిలిపించుకుంది.

"మీరు తెలుగువాళ్ళేనా అండీ?"

"అవును మేడమ్."

"అయితే తెలుగులోనే చెప్తాను. బకెట్ నిండిపోయింది. ఇప్పుడు బకెట్ కూడా క్లోజ్ చేస్తారా?"

మర్నాడు పొద్దున అతనే వచ్చాడు, వెంట టెక్నీషియన్ అజ్మతుల్లాని తీసుకుని. గుమ్మం దగ్గర తల వంచుకుని రావలసినంత పొడుగు. అజ్మతుల్లా నిచ్చెనెక్కి ఏసీ విప్పుతుంటే, ఆమని చేతులు కట్టుకుని, రాకుండానే క్లోజ్ అని ఎలా పెడతారని నిలదీసింది.

"గట్ల పెడితే సగం మంది మళ్ళ ఫోన్ చెయ్యరు మేడమ్."

"మిగతా సగం?"

"ఇగో, మీలెక్క తిడ్తరు. అప్పుడు నేనే వస్త."

ఆమని నవ్వేసింది. నవ్వకుండా ఉండాల్సింది. ఆ మాటలో మనిషి మొత్తం ఉన్నాడు, ఆమెకి మాత్రం అప్పుడు బుగ్గ మీద సొట్ట ఒక్కటే కనబడింది.

ఆమెది కాకినాడ. షిప్పింగ్ కంపెనీలో డాక్యుమెంటేషన్ ఉద్యోగం. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఆమె 'ఏంటలా చూస్తారు' అంటే అతను 'ఏంది గట్ల చూస్తున్నవ్' అని దిద్దేవాడు. ఆరునెలలు తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మమ్జర్ బీచ్‌లో కరక్ చాయ్ తాగుతూ, ఎవరి తెలుగు అసలు తెలుగో తేల్చుకోలేక చాలా సాయంత్రాలు గడిచిపోయాయి.

రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్‌లో ఊరు ఊరంతా మునిగిన వాన పడింది కదా, ఆ రోజు ఆమె బిల్డింగ్‌లో కరెంటు పోయింది. చరణ్ తనుండే ముహైస్నా నుంచి మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ, బ్రెడ్ ప్యాకెట్టూ అరడజను గుడ్లూ నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఒక్క గుడ్డు కూడా పగల్లేదు. తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. తువ్వాలు పక్కన పెట్టి, "నిన్ను పెళ్ళి చేసుకుంట ఆమనీ" అన్నాడు. ఆమె గుడ్లు ఫ్రిజ్‌లో సర్దుతూ సరేనంది.

ఆ ఫ్లాట్‌లో ఆమె పాలు పొంగించలేదు. చేరిన రోజున ఆఫీసు హడావిడి, తరవాత బద్ధకం. కాకినాడ నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేసేది. చరణ్ వచ్చాక ఆ బద్ధకానికి ఓ మంచి కారణం దొరికింది. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి పొంగిద్దాం అనుకున్నారు. మీనా బజార్‌లో ఓ చిన్న ఇత్తడి గిన్నె కొని, కాగితం చుట్టి, వంటింట్లో పై అరలో దాచిందామె.

ఇలా ఉండగా, అదే ఏడాది డిసెంబర్‌లో చరణ్ వాళ్ళమ్మ భూలక్ష్మి, చెల్లెలు శ్రీసుధ విజిట్ వీసా మీద పదిహేను రోజులకి వస్తున్నారని తెలిసింది. ఆమని సంబరపడింది. చరణ్ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"వాళ్ళు నీ ఇంట్ల ఉంటే ఏమన్న అనుకుంటవా?" అన్నాడు చివరికి.

అప్పుడు బయటపడింది సంగతి. కరోనా ఏడాదిలో జీతం సగమైపోతే అతను ముహైస్నాలో ఆరుగురుండే గదిలో ఓ మంచం తీసుకుని చేరాడు. అదే ఏడాది తండ్రి పోయాడు. అంత దుఃఖంలో ఉన్న తల్లికి ఈ మాట కూడా ఎందుకని, మంచి ఫ్లాట్‌లో ఉన్నానని చెప్పాడు. జీతం మళ్ళీ పెరిగింది గానీ అబద్ధం అలాగే ఉండిపోయింది. ఈమధ్య వీడియో కాల్‌లో ఆమని హాలు కూడా చూపించాడట. కర్టెన్లు బాగున్నాయందట ఆవిడ.

ఆమనికి కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ప్రేమలో పడ్డవాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఒప్పుకుంది, ఒక్క షరతుతో. వాళ్ళు తిరిగి వెళ్ళేలోగా, ఈ ఇల్లు ఆమనిదనీ, ఆమనిని పెళ్ళి చేసుకుంటాననీ అతనే తల్లికి చెప్పాలి.

"మూడో రోజు చెప్త. అమ్మ జర కుదురుకోనీ" అన్నాడు చరణ్, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని.

రెండంతస్తుల కింద సబీనా ఉంటుంది. నెల్లూరమ్మాయి, ల్యాబ్ టెక్నీషియన్. ఆమని ఆమె హాల్లో సోఫాకి మారింది. "నీ ఇంట్లో వాళ్ళని పెట్టి నువ్వు నా సోఫా మీదా? నీకేమన్నా పిచ్చి పట్టిందా మే?" అంటూనే దుప్పటి తెచ్చిచ్చింది సబీనా.

వాళ్ళు దిగే ముందురోజు ఆమని వంటింటి గట్టు మీద కూర్చుని చరణ్‌కి పరీక్ష పెట్టింది. సొంత ఇంటిని చదువుకుని పరీక్ష రాసిన మొగాడు దుబాయ్ మొత్తంలో అతనొక్కడే అయ్యుంటాడు.

"చింతపండు?"

"ఎర్ర మూత డబ్బా."

"అది కారం. చింతపండు పచ్చ మూత. గీజర్ స్విచ్?"

"బాత్రూమ్ బయట."

"బయట నాలుగున్నాయి. ఎన్నోది?"

నూటికి నలభై ఇచ్చింది, అదీ దయతలచి. బాత్రూమ్ అద్దం ఆమె ఎత్తుకి ఉండటంతో గడ్డం గీసుకోవాలంటే అతను గూనివాడిలా వంగాలి. అనుమానం వస్తుందని అజ్మతుల్లాని డ్రిల్లుతో సహా పిలిపించి జానెడు పైకి బిగించాడు. ఆమని కొత్త ఎత్తులో చూసుకుంటే కళ్ళ నుంచి పైభాగమే కనబడింది. మునివేళ్ళ మీద లేచి బొట్టు దిద్దుకుని, పదిహేను రోజులేగా అని నవ్వింది. గోడ మీద తన ఫొటోలు తీసేసి, బట్టలు రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని కిందికి దిగింది. ఇంటికి రెండో తాళం చెవి చరణ్ దగ్గర ఎప్పటినుంచో ఉంది. తనది చరణ్ వాళ్ళమ్మ కోసం బల్ల మీద పెట్టింది.

భూలక్ష్మి వచ్చిన మర్నాడే ఆమనికి కబురొచ్చింది. గాజు పలకలా ఉండే ఎలక్ట్రిక్ పొయ్యి ఆవిడకి కొత్త. చరణ్ ఎంత నొక్కినా వెలగలేదు. కింది ఫ్లోర్‌లో తెలిసినవాళ్ళున్నారంటూ ఆమనిని పిలిచాడు. ఆమె తన ఇంటి కాలింగ్ బెల్ తనే నొక్కి, చెప్పులు బయట విప్పి, చుట్టంలా లోపలికి వచ్చింది.

"దా బిడ్డా. ఈ అద్దం పొయ్యి నా మాట ఇంటలేదు" అంది భూలక్ష్మి. బక్కపలచని మనిషి, కళ్ళు మాత్రం చురుకు. ఆమని పొయ్యి వెలిగించి చూపింది. ఆ రోజు పప్పు తాలింపు కూడా ఆమే పెట్టింది. పెడుతూ పెడుతూ, వెనక్కి చూడకుండా చెయ్యి చాపి ఉప్పు డబ్బా అందుకుంది. భూలక్ష్మి గరిట పట్టుకుని చూస్తూ నిలబడింది.

మూడో రోజు వచ్చింది, పోయింది. ఆ రోజు అమ్మకి కాళ్ళ నొప్పులన్నాడు చరణ్. అయిదో రోజు ఎడారి సఫారీకి వెళ్ళారు, అంతమందిలో ఎలా చెప్పను అన్నాడు. ఏడో రోజు శ్రీసుధకి జలుబు చేసింది. ఆమని రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మెట్ల దగ్గర అతని మొహం చూసేది, అతను తల అడ్డంగా ఊపేవాడు. ఆమె సబీనా సోఫా మీదికి వెళ్ళి పడుకునేది. పైన తన పరుపు మీద ఇంకెవరో నిద్రపోతున్నారన్న బాధ లేదామెకి. వాళ్ళకి తను ఎవరో తెలియదే అన్నదే బాధ.

పదో రోజు లిఫ్ట్‌లో శ్రీసుధ కనబడింది. కల్లాకపటం లేని పిల్ల. "అక్కా, ఆదివారం మీరు గూడ రావాలె. అన్న ఇంట్ల పాలు పొంగియ్యలేదంట, అమ్మ పొంగిస్తనంటుంది. ఆల్ ఐన్ నుంచి రామ్మోహనరావు మామయ్య వాళ్ళు వస్తున్నరు. వాళ్ళమ్మాయిని అన్నకు అనుకుంటున్నరక్కా."

ఆ సాయంత్రం బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో ఆమని అతన్ని నిలబెట్టి అడిగింది, ఆ సంబంధం సంగతి ఎప్పటినుంచి తెలుసని. నాలుగు రోజులైందన్నాడు. తనకెందుకు చెప్పలేదంటే, ఎట్లాగూ వద్దంటాను కదా, నిన్ను బాధపెట్టుడు ఎందుకని ఊకున్నా అన్నాడు.

"మరి వద్దని చెప్పావా?"

అతను కారు టైరు వైపు చూశాడు. "అమ్మ తట్టుకోదు ఆమనీ. ఇల్లు నాది కాదని చెప్పాలె. నువ్వు ఎవరో చెప్పాలె. రెండూ ఒక్కసారంటే..."

"రెండు కాదు చరణ్. ఇది ఆమని ఇల్లు అన్నావంటే రెండూ చెప్పేసినట్టే."

"వాళ్ళు వాపస్ పోయినంక ఫోన్ల చెప్త. ఒట్టు."

మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చిన మనిషి ఇతనేనా అనిపించింది. "ఆదివారం పాలు పొంగేలోగా చెప్పు. నీ పక్కన నేనుంటాను, ఆవిడ తిడితే ఇద్దరం పడదాం. పొంగాక మాత్రం నాకోసం చెప్పక్కర్లేదు" అని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున పదింటికి పైనుంచి పిలుపు వచ్చింది. ఆమె వెళ్ళేసరికి హాలు నిండుగా ఉంది. రామ్మోహనరావు గారు ఆమని కుర్చీలో కూర్చుని, ఆల్ ఐన్ చలి గురించి చెబుతున్నారు. అమ్మాయిని తీసుకురాకుండా ముందు భార్యాభర్తలిద్దరే ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. ఆయన భార్య ఆదిలక్ష్మి గారు కర్టెన్ గుడ్డ వేళ్ళతో నలిపి చూస్తోంది. పొయ్యి మళ్ళీ చైల్డ్‌లాక్ తాళం పడిపోయి కుయ్ కుయ్ మంటోంది. దాని మీద పసుపు రాసిన ఇత్తడి గిన్నె ఉంది.

ఆమని దాచుకున్న గిన్నె అది. కాగితం విప్పి పక్కన పెట్టారు.

"పై అరలో దొరికింది. సరిగ్గ పాలు పొంగిచ్చేటందుకే కొన్నట్టుంది" అంది భూలక్ష్మి. కొడుకు వైపు తిరిగింది. "ఎప్పుడు కొన్నవురా ఇది?"

చరణ్ పెదవులు తడుపుకున్నాడు. ఆమని అతన్నే చూస్తోంది.

"ఈ యేడే అమ్మా. మీనా బజార్ల" అన్నాడు.

ఆదిలక్ష్మి గారు మెచ్చుకుంది. మగపిల్లవాడికి ఇంత ముందుచూపు ఉండటం విశేషమంది. ఫ్లాట్ తీసుకుని ఎన్నాళ్ళయిందని అడిగింది. నాలుగేళ్ళు దాటిందన్నాడు చరణ్. ఈసారి తడుముకోలేదు.

భూలక్ష్మి పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఇంకా అలాగే నిలబడి ఉంది. "ఇంకేమన్న చెప్పేదుందా బిడ్డా, ఈ ఇంటి గురించి? పాలు పొయ్యక ముందే చెప్పు" అంది మెల్లగా.

"ఏముంటదమ్మా."

ఆవిడ తలూపింది. ఇంటి ఆడపడుచు పొంగించాలని శ్రీసుధ అప్పటికే కొంగు దోపుకుని తయారుగా ఉంది. భూలక్ష్మి కూతుర్ని దాటి వచ్చి, పాల ప్యాకెట్ ఆమని చేతిలో పెట్టింది. "నువ్వు పొంగియ్యి బిడ్డా. ఈ పొయ్యి నీ మాటే ఇంటది."

ఆదిలక్ష్మి గారు భర్త మొహం చూసింది. కిందింటి పిల్లచేత పొంగించడమేమిటని అడగబోయి ఆగింది. ఆమని పొయ్యి మూల మూడు సెకన్లు వేలు నొక్కి పట్టుకుంది. తాళం విడింది. పాలు పోసింది. పాలు నురగ కట్టి, అంచు దాకా వచ్చి, ఒక్కసారిగా తూర్పు వైపుకి పొంగి గాజు మీద చుయ్యిమన్నాయి. ఎన్నిసార్లు ఊహించుకుందో ఆ క్షణాన్ని. పక్కన నిలబడతాడనుకున్నవాడు అటు తిరిగి అతిథులకి ఫొటోలు తీస్తున్నాడు.

ప్రసాదం తినకుండా వెళ్ళకూడదంటే రెండు స్పూన్ల పరమాన్నం తిని, ఆమని కిందికి వచ్చేసింది. సబీనా టీవీ కట్టేసి పక్కన కూర్చుంది. ఆమని చాలాసేపు ఏడ్చింది.

బుధవారం మధ్యాహ్నం సబీనా తలుపు తట్టింది భూలక్ష్మి. ఆ సాయంత్రమే వాళ్ళ ఫ్లైట్. ఆమని ఆఫీసుకి సెలవు పెట్టి సబీనా ఇంట్లోనే ఉంది. చరణ్ టాక్సీ కోసం, చెల్లెలు చాక్లెట్ల కోసం బయటికి వెళ్ళారట. ఆవిడ చేతిలో కవరు ఉంది. సోఫా మీద మడత పెట్టిన దుప్పటి, పక్కన రెండు సూట్‌కేసులు చూసి, ఆ దుప్పటిని ఒకసారి తాకింది.

"ఇన్ని రోజులు ఈడ పండుకున్నవా బిడ్డా?"

ఆమని సూట్‌కేసులు పక్కకి జరిపి చోటిచ్చింది.

"రెండో రోజే తెల్సింది. సొంత ఇంట్ల ఎవడన్న స్విచ్చులు దేవులాడుకుంటడా? అద్దం కింద పాత మేకు బొక్కలున్నయి, ఆడపిల్ల ఎత్తుకు. నువ్వేమో ఎనుకకు చూడకుంట ఉప్పు డబ్బా అందుకుంటివి. ఇల్లు ఎవలదో చెప్పనీకె ఇంకేం గావాలె?"

"మరి అడగలేదేం ఆంటీ?"

"అడిగితే ఒప్పుకుంటడు బిడ్డా. వాడు గంత చెడ్డోడు గాదు. అడగకుంట చెప్తడేమోనని సూసిన. వాని నాయిన గూడ ఇంతే. మంచోడు. నన్ను ఏనాడు ఒక్క మాట అనలే. నా తరఫున గూడ ఏనాడు ఒక్క మాట అనలే. ముప్పై ఏండ్లు ఎదురుసూసిన, ఇయ్యాల అంటడు, రేపంటడు అని."

కవరులోంచి కుంకుమ భరిణె తీసి ఆమనికి బొట్టు పెట్టింది. ఒళ్ళో జాకెట్ గుడ్డ, రెండు పండ్లు పెట్టింది. వాటి మీద తాళం చెవి పెట్టింది.

"నాకు కోడలిగ నువ్వే కావాలె. గందుకే చెప్తున్న, వాని కోసం ఆగకు. ఆల్ ఐనోళ్ళకు గూడ ఫోన్ చేసిన, మావోనికి ఇంక పెండ్లి ఈడు రాలేదని. నీ ఇంట్ల నీ చేతులతోనే పాలు పొంగినయి. సల్లగుండు బిడ్డా."

ఆమని ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది. లేస్తుంటే ఆవిడే పట్టుకుని లేపింది. ఇద్దరూ అత్తాకోడళ్ళు కాకుండానే విడిపోయారు.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో దింపి చరణ్ నేరుగా వచ్చాడు. ఆమని అప్పటికే తన ఇంట్లో ఉంది. పొయ్యి గాజు మీద మాడి అంటుకుపోయిన పాల మరకని పాత కార్డుతో గీకుతోంది. అతని మొహంలో పరీక్ష గట్టెక్కినవాడి తేలిక కనబడుతోంది.

"అమ్మకు నువ్వు మస్తు నచ్చినవ్ తెల్సా? వచ్చే నెల ఊరికి పోయి మెల్లగ చెప్త. ఇగ ఖలాస్, అంతా అయిపోయినట్టే."

ఆమని చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, చాపింది. "నీ దగ్గరున్న తాళం చెవి ఇచ్చెయ్."

"ఎందుకు?"

"మీ అమ్మగారు తనది ఇచ్చేశారు. నీదొక్కటే మిగిలింది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. తాళం చెవి జేబులోంచి తీస్తూ, తల్లి దాన్ని బల్ల మీద పెట్టలేదా, ఆమని చేతికి ఎందుకిచ్చింది అన్నాడు. అడిగిన ప్రశ్నకి జవాబు అతనికే తట్టి, మొహం మీద నెమ్మదిగా పాకింది. చెవులు ఎర్రబడ్డాయి. సొట్ట పడే బుగ్గ వణికింది. ఆమెకి ఇప్పటికీ ఆ మొహం ఇష్టమే, అదే ఆమెకి అన్నిటికన్నా చేదుగా ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానన్నాడు.

"ఆవిడకి తెలిసిన సంగతి ఆవిడకే చెప్తావా?" అంది ఆమని.

తలుపు దాకా వెళ్ళి, తల వంచి దాటి, వెనక్కి తిరిగాడు. ఆమె తలుపు వేసేసింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి తయారవుతుంటే అద్దంలో కళ్ళూ నుదురూ మాత్రమే కనబడ్డాయి. మునివేళ్ళ మీద లేవబోయి ఆగింది. మెయింటెనెన్స్ కంపెనీకి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చింది.

అజ్మతుల్లా డ్రిల్లు పట్టుకుని గంటలో వచ్చాడు. కొత్త మేకులూ పాత బొక్కలూ చూసి, ఎంత ఎత్తుకి పెట్టమంటారని హిందీలో అడిగాడు.

"మేరే హిసాబ్ సే" అంది ఆమని, తన తల ఎత్తుకి అరచెయ్యి పెట్టి చూపిస్తూ.

అతను పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అద్దం బిగించి, గుడ్డతో తుడిచి వెళ్ళిపోయాడు. ఆమె ముందు నిలబడి చూసుకుంది. మొహం మొత్తం కనబడింది. ఏడ్చిన కళ్ళు, వాచిన ముక్కు, కాస్త పక్కకి జరిగిన బొట్టు. బొట్టు సరిచేసుకుంది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది: మీ కంప్లయింట్ క్లోజ్ అయింది, చరణ్‌తేజ్, కోఆర్డినేటర్.

మొదటిసారి అతను నిజం చెప్పాడు.